ఇన్‌చార్జి మహారాజు

2016 ఆగస్టు ఇరవై మూడో తేదీని పరాంకుశం మాస్టారు మరిచిపోలేరు. ఆ మధ్యాహ్నం ఆయన తిన్నది కందా బచ్చలి కూర, మజ్జిగ. కూరలో ఆవ పెట్టడం ఆయనకు ఆ రోజే కుదిరింది. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆయన చేతిలో ఆవ అయితే చేదెక్కేది, లేకపోతే వేసినట్టే తెలిసేది కాదు. ఆ రోజు మాత్రం ముక్కుకి తగలాల్సినంతే తగిలింది. ఇవాళ ఏదో మంచి జరుగుతుందనుకుంటూ చెయ్యి కడుక్కుంటుండగా రాష్ట్ర శ్రవణ గ్రంథ మండలి నుంచి ఫోను వచ్చింది.

మండలి పని పుస్తకాలు చదివించి రికార్డు చేయడం. కళ్ళు లేనివాళ్ళకీ, కళ్ళుండీ తీరిక లేనివాళ్ళకీ వినిపించడం. మొదటి పుస్తకంగా 'మేడూరు కోట' అనే చారిత్రక నవలను ఎంచుకున్నారు. కొన్ని వందల ఏళ్ళ నాటి రాజుల కథ. మల్లభూపతి అనే రాజు, ఆయన కూతురు నాగాంబిక, ఆమెను ప్రేమించిన ఆశ్వికదళ నాయకుడు బొల్లన, కోటను ముట్టడించే పొరుగు రాజు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన గొంతు కాబట్టి చదవడానికి మాస్టారిని పిలిచారు. ఆయన మొదటి అధ్యాయం అప్పటికే చదివేశారు. రాజుగా గంభీరంగా, నాగాంబికగా మెత్తగా, అవసరమైన చోట గుర్రంగా సకిలించి మరీ, అన్నీ తానే అయి చదివారు.

"మాస్టారూ, ఒకసారి వచ్చిపోండి," అన్నారు ఫోనులో డైరెక్టరు కామేశ్వరప్రసాద్‌గారు. "అధ్యాయం విన్నాం. తీవ్రమైన లోపం ఒకటి మా దృష్టికి వచ్చింది."

మండలి ఆఫీసు ఒకప్పుడు విత్తనాల గిడ్డంగి. స్టూడియో గోడలకు మెత్తలు కొట్టినా వేరుశనగ వాసన పోలేదు. మాస్టారికి ఆ వాసన ఇష్టం. ఎంత కోపంగా ఉన్న మనిషైనా వేరుశనగ వాసన మధ్య కూర్చుంటే కాస్త మెత్తబడతాడని ఆయన నమ్మకం. డైరెక్టరుగారి విషయంలో అది ఇంకా రుజువు కాలేదు.

"'ఈ ఊరిని సర్వహక్కులతో మీకు దానం చేస్తున్నాము.' ఈ మాట అన్నదెవరు?" అని అడిగారు డైరెక్టరు.

"మల్లభూపతి మహారాజండి."

"గొంతు?"

"నాదేనండి."

"తమరి హోదా?"

"రిటైరైన లెక్చరర్ని."

డైరెక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "అదీ సంగతి. ప్రభుత్వ భవనంలో, ప్రభుత్వ మైకులో, ఒక రిటైర్డ్ లెక్చరరు ఊరికి ఊరు దానం చేశారు."

"అది కథ కదండీ."

"కథ మీకు. ఫైలుకి కథేముంది మాస్టారూ? ఫైలుకి ఎవరు మాట్లాడారన్నదే ప్రధానం. రేపు ఎవరో వచ్చి ఆ ఊరికి పట్టా ఇమ్మంటే నేనేం చెప్పాలి?"

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మండలి రికార్డు చేయు ఏ గ్రంథమునందును ఏ గొంతూ తన హోదాకు మించి మాట్లాడరాదు. ఏ పాత్రకు ఏ హోదా అన్నది తేల్చడానికి ఒక సమానీకరణ సంఘం వేశారు. సంఘం నాలుగుసార్లు కూర్చుని, జీడిపప్పు తిని, తేల్చింది. రాజు మాటలు చదవడానికి ముఖ్య కార్యదర్శి స్థాయి అధికారి. రాకుమార్తెకు మహిళా సంక్షేమ శాఖ జాయింట్ డైరెక్టరు. ఆశ్వికదళ నాయకుడికి గుర్రపు పోలీసు దళం నుంచి రిజర్వు ఇన్‌స్పెక్టరు. గుర్రం సకిలింపుకు పశువైద్యాధికారి. అందరినీ వాళ్ళ వాళ్ళ శాఖల నుంచి డెప్యుటేషన్ మీద పిలిపించాలి. ఎవరి మాటలు వాళ్ళకే అందజేయాలి, తక్కిన కథ వాళ్ళకు సంబంధం లేని వ్యవహారం.

"మరి నేనండీ?" అన్నారు మాస్టారు.

"తమరు వెన్నెల చదవండి," అన్నారు డైరెక్టరు దయగా. "వెన్నెల, వాన, చెట్లు, సాయంత్రాలు. వాటికి హోదా లేదు."

వెన్నెలైనా దక్కిందని మాస్టారు సంతోషించారు. ఆ నవలలో వెన్నెల బాగానే ఉంటుంది.

*

ఆ సాయంత్రం ఆయన వేదవల్లమ్మగారి దగ్గరికి వెళ్ళారు. 'మేడూరు కోట' రాసింది ఆవిడే. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. రాత్రి డ్యూటీలో, కాల్స్ లేనప్పుడు, చెవికి తీగ తగిలించుకునే ఉండి నవల రాశారు. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగంలో చేరినప్పుడు వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో తీసుకున్న గదిలోనే ఇప్పటికీ ఉంటున్నారు. ఎనభై దాటిన ఆవిడను వార్డెన్ ఏటా 'ఉద్యోగిని' అనే రాసుకుంటుంది. ఏం ఉద్యోగమని పైవాళ్ళు ఎప్పుడూ అడగలేదు.

ఆవిడకు చూపు పోయింది. నవల ప్రతి ఒక్కటే మిగిలింది. దాన్ని మండలికి ఇచ్చేస్తూ, విడుదలయ్యే దాకా వేరే ఎవరూ గొంతెత్తి చదవకూడదన్న షరతు మీద సంతకం కూడా పెట్టారు.

"ఎందాకా వచ్చిందయ్యా?" అన్నారు ఆవిడ, అడుగుల చప్పుడు గుర్తుపట్టి.

"కొంచెం ఆలస్యం అయ్యేట్టుందమ్మా. మనుషులు మారుతున్నారు."

"నాకు ముగింపు గుర్తు లేదు పరాంకుశం. ఆ పిల్లా ఆ గుర్రాలవాడూ కలిశారో, నేనే చంపేశానో."

"చెప్పమంటారా?"

"చెప్పకు. నువ్వు మంచివాడివి, నా కోసం మార్చి చెబుతావు. నా వాక్యాలు నాకు వినబడాలి." ఆవిడ కాసేపు మంచం కోడు తడుముకున్నారు. "అది పూర్తిచేసిన ఏడాది నాకు లోకం మీద కోపం. నన్ను చేసుకుంటానన్న మనిషి నా చేతనే ట్రంకు కాల్ కలిపించుకుని, కాకినాడలో ఇంకో అమ్మాయితో పెళ్ళి ఖాయం చేసుకున్నాడు. మధ్యలో లైను తెగితే మళ్ళీ కలిపాను కూడా. ఆ కోపంలో కూర్చుని రాశాను. ఎవరిని ఏం చేశానో. ఈ మధ్య నిద్ర పట్టకపోతే అదే ఆలోచన. ఏ పాపమూ ఎరగని పిల్లల్ని చంపేసి వెళ్ళిపోతానేమోనని."

"అలా ఎందుకనుకుంటారమ్మా."

"డాక్టరు నా గుండె గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తున్నాడు. ముప్పై ఏళ్ళు గొంతులే విన్నదాన్ని, నాకు తెలీదా? త్వరగా కానివ్వమని చెప్పు మీ వాళ్ళతో."

మాస్టారు త్వరగా కానిస్తామని మాటిచ్చారు. ఇచ్చాక, తన చేతిలో ఉన్నది వెన్నెల ఒక్కటేనని గుర్తొచ్చింది.

*

రాజుగా వచ్చిన ధర్మతేజగారు మంచి అధికారి. పాతికేళ్ళ సర్వీసులో నోటిమాటగా ఒక్క ఆజ్ఞ కూడా ఇచ్చి ఎరగరు. మైకు ముందు కూర్చుని, 'శత్రువు పొలిమేర దాటాడు ప్రభూ' అన్న వార్త తనకు చేరినట్టు తలపంకించి, చేతిలోని కాగితం చూశారు. అక్కడ 'యుద్ధం' అని ఒక్క మాటే ఉంది.

"ఇది నేను అనలేను," అన్నారు.

"నవలలో ఉందండి," అన్నారు మాస్టారు.

"ఉండవచ్చు. కింది నుంచి ప్రతిపాదన వచ్చిందా? ఆర్థిక శాఖ ఏమంది?" ఆ రెండు ప్రశ్నలూ రికార్డయ్యాయి. బాగా పలికారని డైరెక్టరు వాటినే ఉంచేశారు.

నాగాంబికకు వచ్చినావిడ జాయింట్ డైరెక్టరు హేమనళిని. నడివయసు మనిషి. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడినప్పుడు ఎదుటివాళ్ళు లేచి నిలబడతారు. బొల్లనకు వచ్చింది రిజర్వు ఇన్‌స్పెక్టరు అప్పలస్వామి. శ్రీకాకుళం మనిషి, ఆరడుగుల ఎత్తు, మీసం. ఆవిడ స్టూడియోలోకి రాగానే బూట్లు టకీమని కొట్టి సెల్యూట్ చేశాడు. ప్రేమ ఘట్టం ఆ చప్పుడుతోనే మొదలైంది.

అతని చేతిలోని కాగితంలో ఇలా ఉంది: 'నాగాంబికా, నువ్వు నవ్వితే ఈ కోటకి వేరే దీపాలు అక్కర్లేదు.'

అప్పలస్వామి చెమట తుడుచుకున్నాడు. "నానెలాగనగల్నండి సార్. పేరెట్టి పిలవడవేటి, నువ్వనడవేటి. ఆవిడ జాయింటు డైరెక్టరు గారండి."

"నిజమే," అన్నారు డైరెక్టరు. ఆయనే కలం తీసి దిద్దారు. అప్పలస్వామి అటెన్షన్‌లో నిలబడి చదివాడు: "మేడమ్, తమరు నవ్విన పక్షంలో ఈ కోటకు వేరుగా దీపాల ఆవశ్యకత ఉండబోదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను."

హేమనళిని తన కాగితం చూసుకుంది. "దీనికి నేను 'నిజంగానా' అనాలని ఉంది."

"అలా అంటే అంగీకరించినట్టవుతుంది మేడమ్. 'పరిశీలిస్తాను' అనండి చాలు," అన్నారు డైరెక్టరు.

ఆవిడ పరిశీలిస్తానంది. బయటికి వెళ్తూ మాస్టారి దగ్గర ఆగింది. "తర్వాతి పేజీలో అతనేమంటాడండీ?"

"మీ మాటలే మీకివ్వాలట మేడమ్."

"అవునులెండి," అని వెళ్ళిపోయింది. కానీ గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూసింది. అది మాస్టారి కంట పడింది.

తర్వాతి పేజీలో బొల్లన కోటగోడ కింద నిలబడి మల్లెదండ ఒకటి మేడమీదికి విసురుతాడు. డైరెక్టరు అది చదివి నివ్వెరపోయారు. కింది ఉద్యోగి నేరుగా పైవారికి దండ విసరడం క్రమశిక్షణకు విరుద్ధం. దండ సేనాపతి ద్వారా, మంత్రి ద్వారా, రాజుగారి ద్వారా రాకుమార్తెకు చేరాలని కథను దిద్దారు. సేనాపతి పోస్టు ఖాళీగా ఉంది. అందువల్ల దండ సేనాపతి బల్లమీదే ఉండిపోయింది. పదో అధ్యాయంలో అది కిందికి తిరిగొచ్చింది. పూలు కొనడానికి కొటేషన్లు పిలిచారా అని ఒక ప్రశ్న దానికి తగిలించి ఉంది. ఇదంతా మాస్టారే చదివారు. దండకు హోదా లేదు మరి. చదువుతూ, మధ్యలో తనకు దక్కిన రెండు వాక్యాల వెన్నెలను మాత్రం వీలైనంత నెమ్మదిగా చదివారు.

*

మే నెలలో బదిలీలు వచ్చాయి. మల్లభూపతి మహారాజును మత్స్యశాఖకు వేశారు.

పన్నెండో అధ్యాయం మధ్యలో, పొరుగు రాజు సేన కోట చుట్టూ గుడారాలు వేస్తుండగా, సింహాసనం ఖాళీ అయింది. కొత్త అధికారి వచ్చేదాకా చేనేత శాఖలోని ఒక అదనపు కార్యదర్శిని ఇన్‌చార్జి రాజుగా నియమించారు. ఆయన సున్నితమైన మనిషి. మొదటి రోజే చెప్పేశారు. "నేను రోజువారీ పనులే చూస్తాను. సింహాసనం మీద కూర్చోవడం, వింజామరలు వీయించుకోవడం, అంతవరకే. యుద్ధం, సంధి, కన్యాదానం, ఇలాంటి విధాన నిర్ణయాలు రెగ్యులర్ రాజుగారే వచ్చి తీసుకోవాలి."

దాంతో యుద్ధం ఆగిపోయింది. అటుపక్క పొరుగు రాజుకు గొంతు ఇవ్వాల్సిన అధికారి పొరుగు రాష్ట్రం నుంచే రావాలన్నారు. ఆ రాష్ట్రం వాళ్ళు మీ రాజు ఇన్‌చార్జి అయినప్పుడు మేము రెగ్యులర్ వాణ్ణి ఎందుకు పంపాలని తిరిగి రాశారు. శత్రువులు గుడారాల్లో వేసవి గడిపారు. వానాకాలం వచ్చింది. మాస్టారికి చదవడానికి వాన దొరికింది.

ఇంతలో హేమనళినికి ప్రమోషన్ వచ్చి కమిషనరైంది. ఇప్పుడు కూతురు తండ్రి కన్నా పైస్థాయి. నాగాంబిక దర్బారులోకి వచ్చినప్పుడల్లా ఇన్‌చార్జి రాజు సింహాసనం మీంచి లేచి నిలబడేవారు. కుర్చీ జరిగిన చప్పుడు రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది.

మాస్టారు వారం వారం హాస్టలుకి వెళ్ళేవారు. వేదవల్లమ్మగారు ఇప్పుడు దిండుకి ఆనుకుని మాత్రమే కూర్చోగలుగుతున్నారు. ఎందాకా వచ్చిందని అడగడం కూడా మానేసి, చెయ్యి ముందుకి చాపేవారు. "వాన పడుతోందమ్మా," అనేవారు మాస్టారు, ఆ చెయ్యి పట్టుకుని. కథలో అప్పుడు ఆయన చదివేది అదొక్కటే.

ఆఖరి అధ్యాయం ఫైలు డైరెక్టరు బల్లమీదికి వచ్చిన రోజున అందరినీ పిలిపించారు.

"బొల్లన గతి ఏమవుతుందో నేను చెప్పదలచుకోలేదు," అన్నారు ఆయన. "అది గోప్యం. ఏదైనా ఇబ్బందే. అతను యుద్ధంలో చనిపోతే, డ్యూటీలో చనిపోయినట్టు. కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఇవ్వాలి. ఖాళీలు లేవు. బతికి రాకుమార్తెను చేసుకుంటే, కమిషనరు స్థాయి అధికారిణితో ఇన్‌స్పెక్టరు వివాహం. శాఖాపరమైన అనుమతి కావాలి."

"మా ఇంటిది ఒప్పుకోదండి సార్," అన్నాడు అప్పలస్వామి నెమ్మదిగా. "ఇప్పటికే మల్లెదండ సంగతి ఎవలో చెప్పేసారు. కూర ఒండట్లేదు."

"అందుచేత ముగింపును నిలుపుదల చేస్తున్నాం," అన్నారు డైరెక్టరు. "న్యాయశాఖ అభిప్రాయం వచ్చేలోగా తక్కిన అధ్యాయాలు విడుదల చేద్దాం."

"అయ్యా, ఆవిడకు అంత వ్యవధి లేదు," అన్నారు మాస్టారు. ఆ గదిలో ఆయన ఒక నిర్ణయానికి అడ్డు చెప్పడం అదే మొదటిసారి. "రాసినావిడ ఆ ఒక్క అధ్యాయం కోసమే కూర్చుని ఉన్నారు."

డైరెక్టరు నిజంగానే బాధపడ్డారు. బాధపడి, ఆ బాధను కూడా ఫైల్లో నమోదు చేయమని చెప్పారు.

*

విడుదల సభకు వేదవల్లమ్మగారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆవిడకు శాలువా కప్పి, నాలుగు ఘట్టాలు వినిపించారు. మల్లెదండ కొటేషన్ల దగ్గర ఆవిడ ఎంత నవ్వారంటే శాలువా జారి కిందపడింది. జనం కూడా నవ్వారు. ఆఖర్న డైరెక్టరుగారి గొంతు గంభీరంగా వినిపించింది: "తదుపరి జరిగినది ప్రభుత్వ పరిశీలనలో ఉన్నది." చప్పట్లు మోగాయి.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. పక్కకు చెయ్యి చాపి మాస్టారి చొక్కా పట్టుకున్నారు.

"పరాంకుశం, అది నా వాక్యం కాదే."

"కాదమ్మా."

"మరి నావేవీ?"

సభ అయ్యాక మాస్టారు నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్ళారు. నిలబడే అడిగారు. "ఆ పుస్తకం ఈ ఒక్క సాయంత్రానికి ఇప్పించండి. నేను చదివి వినిపిస్తాను."

"విడుదలయ్యే దాకా ఎవరూ గొంతెత్తి చదవకూడదని ఆవిడే సంతకం పెట్టారు కదా."

"ఇవాళ విడుదల చేశారు కదండీ."

"ముగింపు విడుదల కాలేదు. పైగా తమరి హోదా వెన్నెల. దాటి చదివితే మొత్తం ప్రాజెక్టు రద్దవుతుంది, ఇచ్చిన పారితోషికాలన్నీ వెనక్కి రాబట్టాలి. నాకు మాత్రం చదివించాలని లేదా మాస్టారూ? నిబంధన నేను పెట్టినంత మాత్రాన నన్ను వదుల్తుందా?"

అప్పుడు తలుపు దగ్గర నుంచి హేమనళిని గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. డైరెక్టరు లేచి నిలబడ్డారు.

"ఆ పుస్తకం నాకివ్వండి. నాగాంబిక పాత్ర తనిఖీ చేయాలి."

"తనిఖీనా మేడమ్? ఏ నియమం కింద?"

"ఈ మండలిలో నాకన్నా పై హోదా ఎవరిది?"

డైరెక్టరు ఆలోచించారు. రాజు ఇన్‌చార్జి. బీరువా తాళం తీశారు. పుస్తకం అందిస్తూ, ఆమె వైపు కాకుండా మాస్టారి వైపు చూసి గొంతు తగ్గించారు. "పొద్దున పదింటికి బీరువాలో ఉంటే చాలు. మధ్యలో ఏం జరిగిందో నేనడగను."

ఆయన అంత మాట అనగలరని మాస్టారు ఊహించలేదు. వేరుశనగ వాసన పనిచేయడానికి కాస్త ఎక్కువ కాలం పట్టిందనుకున్నారు.

మెట్లు దిగుతూ పుస్తకం ఆయన చేతిలో పెట్టింది హేమనళిని. "ఏడాదిన్నరగా ఆ పిల్ల మాటలు మాట్లాడాను. ఆమె కథేమిటో నాకు తెలీదు. నేనూ వస్తాను."

హాస్టల్ గదిలో ఒక్క కుర్చీయే ఉంది. అందులో మాస్టారు కూర్చున్నారు. కమిషనరుగారు ట్రంకుపెట్టె మీద కూర్చుంది. మాస్టారు ఆఖరి అధ్యాయం తీసి మొదలుపెట్టారు. రాజు మాట వచ్చినప్పుడు అలవాటుగా ఆగి, ఎవరో వచ్చి చదువుతారేమో అన్నట్టు తలుపు వైపు చూశారు. ఎవరూ రాలేదు. రాజు మాట ఆయనే అన్నారు. ఆ తర్వాత ఇక ఆగలేదు. మంత్రి అయ్యారు, శత్రువయ్యారు, నాగాంబిక అయ్యారు. బొల్లన గాయపడి, కోటతలుపు బయట గుర్రం మెడమీద వాలిపోయి ఉంటాడు. శత్రువు వెనకే వస్తున్నాడు, తలుపు తీసినవాడి తల తీస్తానని రాజాజ్ఞ. కావలివాళ్ళు తలలు వంచుకుని నిలబడతారు. నాగాంబిక మెట్లు దిగి వస్తుంది. తలుపుకు అడ్డంగా వేసిన గడియమాను ఇద్దరు మగవాళ్ళు ఎత్తేది. ఆమె భుజం పెడుతుంది. మొదటిసారి కదలదు.

వేదవల్లమ్మగారి చేతులు దుప్పటిని పట్టుకున్నాయి.

రెండోసారి కదులుతుంది. తలుపు ఒక గుర్రం పట్టేంత తెరుచుకుంటుంది. మాస్టారు సకిలించారు కూడా. గుర్రం లోపలికొస్తుంది, బొల్లన లోపలికొస్తాడు. 'నువ్వా' అంటాడు కళ్ళు తెరిచి. 'ఇంకెవరు తీస్తారు' అంటుంది ఆమె. తెల్లారేసరికి ముట్టడి వీగిపోతుంది, మల్లభూపతి కూతురి భుజం మీది గాయం చూసి మాట్లాడకుండా తన ఉత్తరీయం తీసి కడతాడు. అక్కడితో నవల అయిపోతుంది.

వేదవల్లమ్మగారు గోడ వైపు ముఖం తిప్పుకున్నారు.

"బతికించానా," అన్నారు చివరికి.

"బతికించారమ్మా."

"అది నువ్వు మార్చింది కాదు కదా?"

"మార్చలేదండీ," అంది హేమనళిని. "నేను పక్కన కూర్చుని పేజీ చూస్తూనే ఉన్నాను."

"అంత కోపంలోనూ ఆ పిల్ల చేత తలుపు తీయించానంటే," ఆవిడ నెమ్మదిగా అన్నారు, "నేను మరీ అంత చెడ్డదాన్ని కాదన్నమాట." తర్వాత దిండు సర్దుకున్నారు. "ఇంకొక్కసారి చదవవయ్యా. ఆమె మెట్లు దిగే దగ్గర్నుంచి."

అప్పుడే వరండాలో గంట కొట్టారు. వార్డెన్ చేతిలో టార్చితో గుమ్మంలోకి వచ్చింది. మగవాళ్ళు ఎనిమిది దాటి హాస్టల్లో ఉండకూడదు. ఆ నిబంధన మహిళా సంక్షేమ శాఖది. మాస్టారు పుస్తకం మూసి లేవబోయారు. హేమనళిని ఆయన్ని కూర్చోమన్నట్టు చెయ్యి చూపించి, తను లేచి గుమ్మం దాకా వెళ్ళింది. వార్డెన్ ఆమెను పోల్చుకుని బిగుసుకుపోయింది.

"ఈ నిబంధన మీద సంతకం నాదే," అంది హేమనళిని మెల్లగా. "నాకు గుర్తుంది. మీరెళ్ళి పడుకోండమ్మా."

వార్డెన్ తల ఊపి టార్చి ఆర్పేసింది. కమిషనరుగారు, గడియ చప్పుడు కాకుండా రెండో చేత్తో పట్టుకుని, తలుపు లోపల్నుంచి మూసేసింది.